నాలుగు వీధుల తోటమాలి

రిటైరైన మర్నాడు మనిషి ఏం చేస్తాడు? చాలామంది ఆలస్యంగా లేస్తారు. లేచి, ఇంట్లోవాళ్ళ పనులకు అడ్డం పడతారు. మన తోటమాలి మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే ఐదున్నరకి పార్కు గేటు తాళం తీశాడు. ఇందులో భక్తీ లేదు, త్యాగమూ లేదు. ముందు రోజు తాళంచెవి అప్పజెబుదామని ఆఫీసుకి వెళ్తే, దాన్ని తీసుకోవలసిన గుమాస్తా సెలవులో ఉన్నాడు. రేపు రమ్మన్నారు. ఎలాగూ పదింటిదాకా ఆఫీసు తెరవరు కదా, ఈలోగా గేటు తీసి నీళ్ళు పెట్టి వెళ్దాం అనుకున్నాడు. పదింటికి వెళ్తే గుమాస్తా ఇంకా సెలవులోనే ఉన్నాడు. ఆ సెలవు పూర్తయ్యేసరికి ఆయన వేరే సెక్షనుకి బదిలీ అయిపోయాడు. తాళంచెవి తోటమాలి జేబులోనే ఉండిపోయింది. అలా ఆరేళ్ళు ఉండిపోయింది.

పార్కంటే మరీ గొప్పదేం కాదు. నాలుగు వీధుల మధ్య అరెకరం పచ్చిక. చుట్టూ నడుమెత్తు కంచెమొక్కలు, లోపల గుండ్రంగా నడకదారి, దారి పొడుగునా పద్నాలుగు బెంచీలు, పడమటి కంచె వారన గులాబీల మడి. మూలన ఒక రేకుల గది. పలుగు, పార, కత్తెర, రబ్బరు పైపు అందులో ఉంటాయి. వాటితో పాటు మేకుకి వేలాడుతూ ఒక మస్టరు పుస్తకం ఉంటుంది. మస్టరంటే హాజరు పట్టీ. రోజూ వచ్చిన వేళ, పోయిన వేళ రాసి సంతకం చెయ్యాలి. పక్క గడిలో పైవాళ్ళు చూసినట్టు సంతకం చేస్తారు.

తోటమాలి సర్వీసు ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఈ అరెకరంలోనే గడిచింది. నాలుగు వీధుల్లో ఎవరు ఎలా నడుస్తారో చెప్పుల చప్పుడు బట్టి చెప్పగలడు. వాళ్ళకి అతనంటే ఒక ఖాకీ చొక్కా. పెద్దవాళ్ళు "ఏమయ్యా" అనేవారు, ఆడవాళ్ళు "ఇదిగో తోటాయనా" అనేవారు, పిల్లలు ఖాకీ తాత అనేవారు. ఇల్లెక్కడ, పిల్లలెంతమంది అని ఎవరూ అడగలేదు. నీళ్ళ కుళాయిని ఎవరైనా ఇల్లెక్కడ అని అడుగుతారా?

తన తర్వాత ఎవరొస్తారో అతనికి ఆరు నెలల వరకూ తెలియలేదు. పెన్షను కాగితాల పనిమీద వెళ్ళినప్పుడు కిటికీలోని ఉద్యోగిని అడిగాడు. ఆయన ఫైలు తిరగేసి, "మీతోపాటే ఆ పోస్టు కూడా రిటైరైందండీ" అన్నాడు. వెనక బల్లల వాళ్ళు నవ్వారు. తోటమాలి కూడా నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. ఇప్పుడు తను వెళ్ళి తాళంచెవి ఇస్తే, తీసుకునేవాళ్ళు దాన్ని ఏదో ఒక సొరుగులో పడేస్తారు. గేటు మూతబడుతుంది. మర్నాడు ఐదున్నరకి మళ్ళీ వెళ్ళి తీశాడు.

ఈ సంగతి నాలుగు వీధుల వాళ్ళకి చెప్పి ఉండవచ్చు కదా అని మీరడగొచ్చు. చెప్పలేదు. భయపడ్డాడు. భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. కూతురు వేరే ఊళ్ళో, తన అత్తగారితో, ఇద్దరు పిల్లలతో తలమునకలుగా ఉంది. అతనుండేది రెండు బస్సులు మారి వెళ్ళేంత దూరంలో, టైర్లు బాగుచేసే షాపు మీద ఒంటరి గది. ఆ గదిలో సాయంత్రం ఏడు నుంచి పొద్దున నాలుగు వరకూ మాట్లాడే మనిషి లేడు. పార్కులో అలా కాదు. బెంచీ మీద పిట్ట రెట్ట వేసిందని ఒకరు తిడతారు, పైపులో నీళ్ళు తన చెప్పుల మీద పడ్డాయని ఇంకొకరు తిడతారు. తిట్లయితేనేం, ఒక మనిషి ఎదురుగా నిలబడి తన మొహంలోకి చూసి తిడుతున్నాడు. అది పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు.

అందుకని ఎవరేం అడిగినా "ఆఫీసుకి రాస్తానండీ" అనేవాడు. పైపు చిల్లిపడింది, ఆఫీసుకి రాస్తానండీ. బెంచీ కాలు ఊగుతోంది, ఆఫీసుకి రాస్తానండీ. వారం తిరక్కుండా పెన్షను డబ్బుతో కొత్త పైపు కొనుక్కొచ్చేవాడు, బెంచీకి బోల్టు బిగించేవాడు. దాంతో ఆఫీసు మీద నాలుగు వీధులకీ ఎక్కడలేని గౌరవం పుట్టింది. మొదటి వీధిలో ఉండే రిటైరైన ఆడిటరుగారు, లోకంలో ఎవరి పనీ నచ్చని మనిషి, పేపరుకి ఉత్తరం కూడా రాశారు, తోటల విభాగం ఈ మధ్య మెచ్చుకోదగ్గట్టు పనిచేస్తోందని. అటు ఆఫీసులో జరిగింది ఇంకా బాగుంది. ఏడాదికోసారి ఒక ఇన్‌స్పెక్టరు స్కూటరు దిగకుండానే కంచెమీంచి చూసి, పచ్చగా ఉంది కాబట్టి ఇళ్ళవాళ్ళే ఎవరినో పెట్టుకుని చేయించుకుంటున్నారని ఫైల్లో రాసుకునేవాడు. ఇళ్ళవాళ్ళు ఆఫీసు పెడుతోందనుకున్నారు. ఆఫీసు ఇళ్ళవాళ్ళు పెడుతున్నారనుకుంది. మధ్యలో తోటమాలి రోజూ మస్టరులో వచ్చిన వేళ, పోయిన వేళ రాసి సంతకం చేస్తూనే ఉన్నాడు. పాత పుస్తకం నిండితే కొత్తది కొనుక్కున్నాడు.

కూతురికి కూడా నిజం చెప్పలేదు. ఆఫీసువాళ్ళు వదలడం లేదమ్మా, కాంట్రాక్టు మీద ఉంచుకున్నారు అని చెప్పాడు. ఆ పిల్ల నమ్మింది. నాన్న పనితనం అలాంటిదని అత్తగారితో గొప్పగా చెప్పుకుంది కూడా.

ఆరో ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో గేటుకి ఒక నోటీసు అంటించి వెళ్ళారు. ఎకరంలోపు పార్కుల ఖర్చు ఇకమీదట ఆఫీసు ఒక్కటే భరించలేదు, సగం ఇళ్ళవాళ్ళు పెట్టుకుంటామని రాసిస్తే మిగతా సగం ఇచ్చి మనిషిని వేస్తుంది, లేదంటే స్థలాన్ని బళ్ళు నిలుపుకోవడానికి ట్రాఫిక్ విభాగానికి అప్పగిస్తుంది. ఉన్న నూటపన్నెండు ఇళ్ళలో ఎనభై నాలుగు ఇళ్ళయినా సంతకాలు పెట్టాలి. ఆదివారం ఉదయం మీటింగు, అదయ్యాక ఇరవై ఎనిమిది రోజులు గడువు. తోటమాలి ఆ నోటీసుని మూడుసార్లు చదివాడు. పచ్చిక మీద తారు పోస్తే ఎలా ఉంటుందో ఊహించుకోబోయి మానేశాడు.

ఆదివారం మీటింగుకి కుర్చీలు వేసింది అతనే. నీడ ఎటు తిరుగుతుందో చూసుకుని వరసలు పేర్చాడు. జనం బాగానే వచ్చారు. ఖర్చు ఎంతని చూస్తే, ఇంటికి నెలకి ఒక సినిమా టికెట్టంత. ఆ టికెట్టు కోసం రెండు గంటలు కొట్లాడుకున్నారు. పార్కు వైపు కిటికీలున్నవాళ్ళే కట్టాలని నాలుగో వీధి వాళ్ళన్నారు. మా ఇంట్లోంచి చూస్తే పార్కు కనపడదు, పార్కులోంచి వచ్చే దోమలు మాత్రం కనపడతాయి అని ఒకాయన లేచి చెప్పాడు. అద్దెకున్నవాళ్ళు, చెట్టు ఎదిగేలోపు మేం ఇల్లు మారిపోతాం, సొంతదార్లు కట్టుకోవాలన్నారు. సొంతదార్లు, మేం ఇల్లు అద్దెకిచ్చి వేరే చోట ఉంటున్నాం, నీడన కూర్చునేది వాళ్ళే కదా అన్నారు. పిల్లలున్నవాళ్ళు కట్టాలని పిల్లల్లేనివాళ్ళు, మోకాళ్ళ నొప్పులకి నడిచేవాళ్ళు కట్టాలని పిల్లలున్నవాళ్ళు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

ఆడిటరుగారి వాదనలో మాత్రం పస ఉంది. ఇంటి పన్నులో తోటల పద్దు కూడా ఉందని, దాన్ని ఏ ఏడూ ఎగ్గొట్టలేదని, ఒకే గడ్డికి రెండుసార్లు కట్టమనడం ఏం న్యాయమని ఆయన అడిగారు. ఇన్నేళ్ళుగా ఆఫీసు తన డబ్బుతో చక్కగా చేస్తోందిగా, ఇప్పుడేం వచ్చింది అని కూడా అన్నారు.

తోటల విభాగం నుంచి వచ్చిన ఆఫీసరమ్మకి ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. ఆ సెక్షనుకి కొత్త. కానీ ఫైలు క్షుణ్ణంగా చదువుకుని వచ్చింది. ఆమె లేచి, ఈ పార్కు మీద ఆరేళ్ళుగా ఆఫీసు ఒక్క పైసా ఖర్చు పెట్టలేదని, ఇక్కడి పోస్టు అప్పుడే రద్దయిందని, మీరే ఎవరినో పెట్టుకుని చూసుకుంటున్నారని ఫైల్లో ఉందని చెప్పింది.

"మేమా?" అన్నారు ఆడిటరుగారు. "అదిగో, మీ మనిషి అక్కడే నిలబడ్డాడు. ఈ కుర్చీలు వేసింది కూడా అతనే."

అందరూ వెనక్కి తిరిగారు. అప్పుడైనా తోటమాలి తప్పించుకోగలిగేవాడే. రోజుకింత అని ఎవరో ఇస్తున్నారని గొణిగితే సరిపోయేది. కానీ ఆఫీసరమ్మ అలవాటు కొద్దీ, "మీ మస్టరెక్కడ?" అని అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉద్యోగం చేసినవాడికి, పై అధికారి మస్టరు అడిగితే తెచ్చి చూపించడం తప్ప వేరే తెలియదు. కాళ్ళు వాటంతట అవే రేకుల గదికి నడిచాయి. పాతదీ కొత్తదీ రెండు పుస్తకాలూ తెచ్చి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. ఇచ్చాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు.

ఆమె పేజీలు తిప్పింది. ఉదయం ఐదున్నర, సాయంత్రం ఆరు, సంతకం. ఉదయం ఐదున్నర, సాయంత్రం ఆరు, సంతకం. ఆదివారాలు కూడా ఉన్నాయి. పై అధికారి సంతకం చెయ్యాల్సిన గడి ఆరేళ్ళ పొడుగునా ఖాళీగా ఉంది. ఆమె పుస్తకాలు మూసింది. తర్వాత మెల్లిగా నాలుగు ప్రశ్నలు అడిగితే అతను నాలుగింటికీ నిజమే చెప్పాడు.

ఎవరో చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. నాలుగు వీధుల ఇళ్ళవాళ్ళ సంఘానికి కార్యదర్శిగా ఉన్న పళ్ళ డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. తోటమాలికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా ఉన్నమాట చెప్పుకోవాలి, అతనికి బ్రహ్మానందంగా ఉంది. అంతమంది ఒక్కసారిగా తనని చూడటం అతని జీవితంలో అదే మొదలు. పెళ్ళిలో కూడా అందరూ పెళ్ళికూతుర్నే చూశారు.

చప్పట్లు ఆగాక దోమలాయన, "అయితే ఇంకేం, ఖర్చే లేదన్నమాట" అన్నాడు. ఆడిటరుగారికి కూడా ఆ మాట నచ్చింది. జరుగుతున్నది జరగనిస్తే సరి, ఆ పెద్దాయనకి నెలనెలా ఏదో మన తృప్తికొద్దీ ఇచ్చుకుందాం అన్నారు. జనం గుండెల మీంచి బరువు దిగినట్టయింది. సంతకాల కాగితం వరసల్లో తిరిగి డాక్టరమ్మ చేతికి చేరేసరికి దాని మీద పదకొండు సంతకాలున్నాయి.

అందరూ వెళ్ళాక తోటమాలి కుర్చీలు మడుస్తున్నాడు. ఆఫీసరమ్మ వెళ్ళలేదు. ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెద్దాయనా, ఒక మాట చెప్తాను, బాధపడొద్దు. మీరు రిటైరైన ఏడు ఇలాంటి పార్కులు తొమ్మిదింట్లో పోస్టులు తీసేశారు. ఎనిమిది పార్కులు మూణ్ణెల్లలో ఎండిపోయాయి. అక్కడి జనం వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. చివరికి సగం వాళ్ళూ సగం మేమూ అనుకుని ఎనిమిదింటికీ మళ్ళీ మనుషుల్ని వేశాం. ఇక్కణ్ణించి మాత్రం ఎవరూ రాలేదు."

"పచ్చగా ఉంటే ఎందుకొస్తారమ్మా" అన్నాడు తోటమాలి.

"అదే నేను చెప్పేది."

అతను మడుస్తున్న కుర్చీని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ నాలుగు వీధులకీ అడగాల్సిన అవసరం లేకుండా చేసింది తనే. మొదటి ఏడే గడ్డి ఎండనిచ్చి ఉంటే వీళ్ళూ వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాళ్ళు, ఈపాటికి ఇక్కడ ఒక మనిషి, ఒక జీతం, ఫైల్లో ఒక పద్దు ఉండేవి. నలుగురి చేత మాట పడటం కోసం చేసినదాన్నే పార్కుని కాపాడటం అనుకున్నాడు. కంచే చేను మేసిందంటే ఇదేనేమో అనిపించింది.

"మీరు నీళ్ళు పోస్తున్నంతకాలం వీళ్ళు సంతకాలు పెట్టరు" అంది ఆఫీసరమ్మ. "గడువు దాటితే నా చేతిలో ఏమీ ఉండదు."

"నన్ను రావద్దంటారా?"

"నేనలా అనలేదు" అంది ఆమె. ఆఫీసుల్లో ఇలాంటి మాట ఎవరూ నోటితో అనరు. అతని ఫోను నంబరు రాసుకుని వెళ్ళిపోయింది.

ఏది ఎన్నాళ్ళు బతుకుతుందో తోటమాలికి తెలుసు. గడ్డికి భయం లేదు. అది చచ్చినట్టు నటిస్తుంది, వేరు లోపల బతికే ఉంటుంది, నీళ్ళు తగలగానే లేస్తుంది. కంచెమొక్కలు ఆకులు రాల్చి ఓర్చుకుంటాయి. గులాబీల్లో సగం పోతాయి. తూర్పు వైపు కిందటి ఏడు నాటిన పన్నెండు పిల్లమొక్కలున్నాయి, వాటి వేరు ఇంకా లోతుకి దిగలేదు. ఈ ఎండకి అవి పదో రోజు దాటవు. సోమవారం ఉదయం గేటు తీసి, ఆ పన్నెండింటికీ పాదులు నిండా నీళ్ళు పెట్టాడు. గేటు తీసే ఉంచాడు. కుళాయి వాల్వు తిప్పే ఇనుప చెయ్యిని సంచిలో వేసుకుని బస్సెక్కాడు. ఆ రోజు మస్టరులో ఏమీ రాయలేదు.

గదిలో మొదటి రోజు మంచం కిందిదంతా బయటికి లాగి ఊడ్చాడు. రెండో రోజు కిటికీ ఊచలు తుడిచాడు. మూడో రోజుకి తుడవడానికి ఏమీ మిగల్లేదు. కింద షాపులో గాలి కొట్టే మిషను ఆగి ఆగి మోగుతుంటే అది ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాడు. నాలుగింటికే మెలకువ వచ్చేది. లేచి చేసే పని లేక, చెవుల్లో తన ఊపిరే వినిపిస్తుంటే, మంచం మీద అలాగే కూర్చునేవాడు. ఆదివారం కూతురు ఫోను చేస్తే సెలవులో ఉన్నానని చెప్పాడు.

"ఆరేళ్ళలో ఒక్క రోజు సెలవివ్వని వాళ్ళు ఇప్పుడెలా ఇచ్చారు నాన్నా? ఒంట్లో బాగుందా?"

"బాగుందమ్మా. కొంచెం తీరిక దొరికింది."

"అయితే ఇక్కడికి రావచ్చుగా" అంది. అనేలోపే లోపల ఏదో గిన్నె పడ్డ చప్పుడు, పిల్లల అరుపులు, అత్తగారి పిలుపు. మళ్ళీ చేస్తానంది. రమ్మనడం అబద్ధం కాదు, ఆ ఇంట్లో మంచం వేసే చోటు లేదన్నది కూడా అబద్ధం కాదు.

ఎవరైనా వస్తారని అతను ఎదురుచూశాడు. ఈ మాట దాచడం ఎందుకు? చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరైనా, ఏమయ్యాడీ మనిషి, జబ్బుపడ్డాడేమో అని వెతుక్కుంటూ వస్తారనుకున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చొక్కా తొడుక్కునేవాడు. వచ్చింది ఒకసారి ఇంటివాళ్ళ అబ్బాయి, నీళ్ళ ట్యాంకు చూడటానికి. ఇంకోసారి ఇల్లు పొరబడి తలుపు కొట్టిన ఎవరో. వాళ్ళ తప్పు కూడా ఏముంది? ముప్ఫై ఏడేళ్ళలో అతను తూర్పు నుంచి వస్తాడో పడమర నుంచి వస్తాడో నూటపన్నెండు ఇళ్ళలో ఎవరికీ తెలియదు. అతనూ ఎవరికీ చెప్పుకోలేదు.

పదకొండో రోజు ఉండబట్టలేక బస్సెక్కాడు. దిగకూడదు, కిటికీలోంచి చూసి వెళ్ళిపోవాలి అనుకున్నాడు. చూశాడు. పచ్చిక గోధుమరంగుకి తిరిగింది. తూర్పు వైపు పిల్లమొక్కల ఆకులు చుట్టుకుపోయి వేలాడుతున్నాయి. తర్వాతి స్టాపులో దిగిపోయి, షాపులో పెద్ద నీళ్ళసీసా ఒకటి కొని, వెనక్కి నడిచాడు. గేటు దాకా వచ్చి దాని మీద చెయ్యి వేశాడు.

లోపల ఆడిటరుగారు, దోమలాయన వాదించుకుంటున్నారు. బెంచీల మీద వేలెడు దుమ్ము పేరుకుందట, మధ్యాహ్నం గాలి వస్తే ఆ దుమ్మంతా ఇళ్ళల్లోకే వస్తోందట. ఆఫీసుకి ఫోను చేస్తే సంతకాలు ఏవని అడుగుతున్నారట. నువ్వు పెట్టావా అంటే నువ్వు పెట్టావా అని ఇద్దరూ ఒకరినొకరు నిలదీసుకుంటున్నారు. ఆ ముసలాయన చెప్పాపెట్టకుండా మానేశాడు, ఇలా చేస్తాడనుకోలేదు అని దోమలాయన అంటే, ఆడిటరుగారు తలూపారు.

తోటమాలికి కోపం రాలేదు, ఏడుపొచ్చినంత పనైంది. వెళ్ళి నేను మానలేదు బాబూ అని చెప్పాలనిపించింది. ఇప్పుడు లోపలికి వెళ్ళి ఆ నీళ్ళు పోస్తే పదకొండు రోజులూ బూడిదలో పోసినట్టే. ఆ వాడిన ఆకుల వైపు ఇంకోసారి చూసి, గేటు మీంచి చెయ్యి తీసేశాడు. సీసాలో నీళ్ళు బస్సులో తనే తాగాడు.

ఇరవై ఆరో రోజు ఆఫీసరమ్మ ఫోను చేసింది. తొంభై ఒక్క ఇళ్ళు సంతకాలు పెట్టాయంది. పళ్ళ డాక్టరమ్మ ఇంటింటికీ తిరిగిందట, ఆడిటరుగారే దగ్గరుండి నిబంధనలు రాశారట, మెట్ల మీద కూర్చునేదాకా రాలేదు గానీ ఇరవైమంది కలిసి ఆఫీసుకి కూడా వచ్చారట. ఒకటో తారీఖు నుంచి కొత్త మనిషి వస్తాడు, తాళంచెవీ వాల్వు చెయ్యీ అప్పజెప్పండి అంది. ఇంకా ఏదో అనబోయి, "థాంక్సండీ" అని పెట్టేసింది. తోటమాలి ఆ ఫోను పట్టుకుని కాసేపు గదిలో అటూ ఇటూ నడిచాడు. సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని చెప్పుకోవడానికి ఎవరూ కనపడక, కిందికి దిగి టైర్ల షాపతనితో, మా పార్కు నిలబడిందయ్యా అన్నాడు. అతను మిషను చప్పుడులో వినపడక తలూపాడు.

ఒకటో తారీఖున వెళ్ళేసరికి కొత్త తోటమాలి వచ్చి ఉన్నాడు. నలభై లోపు మనిషి, పని తెలిసినవాడే. తాళంచెవీ వాల్వు చెయ్యీ ఇచ్చి, ఏ వాల్వు ఎటు తిప్పాలో, మూల బెంచీ కింద పైపు ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పాడు. అతను సగం విని, చూసుకుంటాలెండి అన్నాడు. మస్టరు పుస్తకం కొత్తది వచ్చింది. పన్నెండు పిల్లమొక్కల్లో మూడు బతికాయి. మిగతా తొమ్మిదీ పీకేసి ఉన్నాయి.

గేటు పక్కన బల్ల వేసుకుని డాక్టరమ్మ మొదటి నెల వాటాలు తీసుకుంటోంది. తోటమాలిని చూసి లేచి నిలబడింది. ఎక్కడికి పోయారని అడిగింది, ఆరోగ్యం బాగుందా అంది. బాగానే ఉందన్నాడు. జేబులోంచి, ఇంటి దగ్గరే నాలుగు మడతలు పెట్టి తెచ్చుకున్న నోటు తీశాడు.

"నాది కూడా ఒక వాటా రాసుకోండమ్మా."

"మీరెందుకు పెద్దాయనా? మీరు చేసింది చాలదా?"

"చేసినదాని గురించి కాదమ్మా. మీ లిస్టులో నేను కూడా ఉంటానని."

ఆమె ఇబ్బందిగా కాగితాలు తిరగేసింది. "ఇందులో ఇంటి నంబరు రాయాలి. ఈ నాలుగు వీధుల ఇళ్ళ దగ్గరే తీసుకోవాలని నిబంధన పెట్టుకున్నాం. బయటివాళ్ళు వాటా పెడితే రేపు షాపులవాళ్ళూ వాళ్ళూ వచ్చి హక్కులంటారని ఆడిటరుగారు పట్టుబట్టారు." అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, "అసలు మీ ఇల్లెక్కడ?" అని అడిగింది.

అతను చెప్పాడు. రెండు బస్సులు మారాలని కూడా చెప్పాడు.

"అంత దూరం నుంచా!" అంది ఆమె. నిజంగానే నొచ్చుకుంది. "మీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడొచ్చి కూర్చోండి. వాటా కట్టలేదని మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. నేను అందరికీ చెప్తాను."

"సరేనమ్మా" అన్నాడు. నోటు మడతలు విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. వెనక వరసలో మొదటి వీధి వాళ్ళెవరో నిలబడి ఉంటే పక్కకి తప్పుకున్నాడు. బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది.

డ్యూటీలో ఉన్నవాడు బెంచీల మీద కూర్చోకూడదని రూలు. ముప్ఫై ఏడేళ్ళలో ఆ పద్నాలుగింటిలో దేనిమీదా అతను కూర్చోలేదు. ఇప్పుడు గులాబీల మడికి ఎదురుగా ఉన్నదాని మీద కూర్చున్నాడు. చెక్క వేడిగా ఉంది, వీపుకి ఆనుకునే చోట ఒక పలక కొంచెం వంకరగా ఉంది. కొత్త తోటమాలి పైపు లాక్కుంటూ గడ్డి తడుపుకుంటూ ఇటే వస్తున్నాడు. బెంచీ దగ్గరికి వచ్చి నీళ్ళని పక్కకి పట్టి ఆగాడు.

"పెద్దాయనా, కాళ్ళు కొంచెం పైకి పెట్టుకోండి. తడుస్తాయి."

అతను కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.